ఆయన కీబోర్డు

ఆగస్టు 1, మంగళవారం

ఈయన కీబోర్డు పోయింది.

బల్ల మీద ఉండే నల్ల కీబోర్డు కాదు, అది భేషుగ్గా ఉంది. తెర మీద వచ్చేది. పొద్దున్న కాఫీ అయ్యాక రోజూలాగే కుర్చీ జరిపి కూర్చోబెట్టి, మౌస్ ఎడమ చేతి కింద పెట్టి, బొమ్మ మీద నొక్కాను. అక్షరాలు రావాల్సిన చోట చిన్న పెట్టె ఒకటి వచ్చింది. ఓఎస్‌కే అనే ఫైలు కనబడటం లేదట. పేరు సరిగ్గా కొట్టానో లేదో ఒకసారి చూసుకోమంటోంది. నన్ను! తాడేపల్లిగూడెంలో ఇరవై ఎనిమిదేళ్ళు టైపూ, చివర్లో కంప్యూటరూ నేర్పే ఇన్‌స్టిట్యూట్ నడిపిన దాన్ని పట్టుకుని!

వైరస్ అయి ఉంటుంది.

ఈయన నా ముఖంలోకి చూశారు. "వైరస్సండీ" అన్నాను. నోరు తెరిచి ఏదో అనబోయారు. "అవునండీ, ఏం చేస్తాం, ఈ వానలకి నెట్టు కూడా లేదు, అమ్మాయి వచ్చాక చూస్తుందిలెండి" అన్నాను.

మధ్యాహ్నం గుత్తి వంకాయ చేశాను. ఏమీ అనలేదు. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో!

ఆగస్టు 2

వైరస్సే. మా అమ్మాయి ఇందుజకి ఫోన్ చేసి అదే చెప్పాను. విశాఖపట్నం నుంచి వినాయక చవితికి వస్తుందట, అప్పుడు చూస్తుందట. అప్పటిదాకా నేనున్నానుగా.

ఆగస్టు 3, గురువారం

వాన వెలిసింది. కొల్లేటి మీంచి చల్లటి గాలి. వీధరుగు కడిగి, ఈయన్ని పడక్కుర్చీలో కూర్చోబెట్టి, ముందు స్టూలు వేశాను. స్టూలు సీసాల కోసం. మా లంకలో చేపల చెరువున్న ప్రతివాడికీ అలవాటే, నీళ్ళ మీద అనుమానం రాగానే పొద్దున్నే చెరువు మూల నుంచి ఒక సీసాడు ముంచుకుని మా అరుగెక్కుతాడు. ఫిషరీస్‌లో ముప్పై ఏళ్ళు ఫీల్డ్‌మన్‌గా తిరిగిన మా ఆయన పాండురంగారావు గారు ఆ సీసా ఎండకి ఎత్తి చూసి, మూత తీసి వాసన చూసి చెప్పిందే వేదం. ల్యాబులు వచ్చాయి, యాప్‌లు వచ్చాయి. అయినా రిపోర్టు జేబులో పెట్టుకుని కూడా ఇక్కడికే వస్తారు.

కిందటి డిసెంబరులో పక్షవాతం వచ్చాక సీసాలు ఆగిపోతాయనుకున్నాను. బుర్ర చెక్కుచెదరలేదని డాక్టరు గారే చెప్పారు. కుడిచెయ్యీ నాలుకా మాత్రం మాట వినవు. ఏదన్నా అంటే గొంతులో సుడి తిరిగినట్టు ఒక చప్పుడు వస్తుంది. అది నాకు తప్ప ఎవరికీ అర్థం కాదు. అందుకని ఆయన అనడం, నేను చెప్పడం. సీసాలు ఆగలేదు సరికదా, కాఫీలు పెరిగాయి.

ఇవాళ బుల్లిరాజు గారు వచ్చారు. పదెకరాల చెరువు, శీలావతి, బొచ్చె చేపలు. మనిషి మంచివాడు, కాస్త కంగారు మనిషి.

"మబ్బులు పట్టినకాణ్ణించీ చేప మందంగా ఉందండి. నీళ్ళు చూడండి, పచ్చగా చిక్కబడిపోయాయి. సున్నం వెయ్యనాండి?" అన్నారు.

మబ్బు రోజుల్లో సున్నం వెయ్యమని ఈయన ఎన్నిసార్లు చెప్పగా విన్నానో నేను! "వెయ్యమంటున్నారండి" అన్నాను.

బుల్లిరాజు గారు నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసి, "ఈసారి గురువుగారే అన్నారాండి?" అన్నారు.

"ఆయనే."

ఈయన ఎడమ చేత్తో కుర్చీ చెయ్యి మీద గట్టిగా కొట్టారు. రెండుసార్లు.

"తొందరగా వెయ్యమంటున్నారండి" అన్నాను.

ఆ తర్వాత ఈయన కాఫీ తాగలేదు. వానాకాలం కదా, నోటికి రుచి ఉండదు.

ఆగస్టు 4

పొద్దుటి నుంచీ కంప్యూటరు ముందే కూర్చున్నారు. తెర మీద ఏమీ లేదు, ఇందుజ పెట్టిన కొండల బొమ్మ తప్ప. ఆ కొండల మీద బాణాన్ని అటూ ఇటూ తిప్పుతున్నారు. ఒకచోట ఆపుతారు. కాసేపు చూస్తారు. మళ్ళీ ఇంకోచోట ఆపుతారు.

నేను ఊరుకోలేదు. అట్ట మీద పెద్దపెద్ద అక్షరాలు రాసి ఒళ్ళో పెట్టాను. వేలు పెడితే వణికి రెండక్షరాల మధ్య పడుతోంది. "ప-నా అండీ? పకోడీలా? పంచెనా? ఫ్యానా?" అని అడుగుతూ వచ్చాను. కళ్ళు మూసుకున్నారు.

డిక్టేషన్ ఇచ్చేవాడి కంటే మన చెయ్యి ముందు పోకూడదని ఎన్ని బ్యాచులకి చెప్పానో. మొదటి పాఠమే అది. ఎందుకు గుర్తొచ్చిందో.

రాత్రికి ఉప్మా. తిన్నారు.

ఆగస్టు 5, శనివారం

రాయకూడదనుకున్నది రాస్తున్నాను. ఈ డైరీ ఎలాగూ ఎవరూ చూడరు. చూసినా నా షార్ట్‌హ్యాండ్ లాంటి దస్తూరీ ఎవరికి అర్థమవుతుంది?

మేలో ఇందుజ వచ్చినప్పుడు ఈ తెర మీది కీబోర్డు పెట్టింది. కంప్యూటరులో ముందే ఉంటుందట, ఎవరూ తీసి చూడరంతే. మణికట్టు బల్లకి ఆనించి, మౌస్‌తో బాణాన్ని ఒక అక్షరం మీదికి తెచ్చి కాసేపు నిలిపితే చాలు, అక్షరం పడుతుంది. నొక్కే పని లేదు. ఫోనులో అయితే ఆయన వేలు ఒకటి కొట్టబోతే నాలుగు పడతాయి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడతారు, పిల్లల్లాగా. నాకు ఒళ్ళు మండుతుంది గానీ మొత్తానికి మాట అయితే వచ్చింది. ఆ రోజు మేమిద్దరం ఏడ్చాం, ఇందుజ స్వీట్లు తెచ్చి వీధంతా పంచింది.

మొదటి మాట ఏమిటో తెలుసా? "ఫ్యాను తగ్గించు." ఆయనకి గాలి ఇష్టమని డిసెంబరు నుంచీ ఐదులో పెట్టి ఉంచాను. ఐదు నెలలు చలికి ముడుచుకు పడుకున్నారన్నమాట.

రెండోది: "బొబ్బట్లు వద్దు. ఎప్పుడూ ఇష్టం లేదు." పెళ్ళయి ముప్పై నాలుగేళ్ళు. నేను చేసిన బొబ్బట్లు వెయ్యికి తక్కువుండవు.

ఇవన్నీ నవ్వుకోదగ్గవే. నవ్వుకున్నాను కూడా. సీసాల వాళ్ళకి మాత్రం, ఈయన కొట్టేలోపే, ఎప్పటిలాగే నేనే చెప్పేసేదాన్ని. ఇక్కడిదాకా బాగానే ఉంది.

పోయిన ఆదివారం, జులై ముప్పైన, హాలు నిండా జనం. శ్రీహరి గారు చేప పట్టెయ్యనా, ఇంకో నెల ఆగనా అని అడిగారు. "ఆగమంటున్నారండి" అన్నాను, చేతిలో కాఫీ ట్రే. తెర మీద అక్షరాలు పడుతున్నాయి. అక్షరాలు కనబడితే పైకి చదవడం నా అలవాటు కదా, చదివేశాను. "నేను అలా అనలేదు." చదివాకగానీ అర్థం కాలేదు ఏం చదివానో. అందరూ నవ్వారు. ఈయన ఆగలేదు. ఇంకో పావుగంట కూర్చుని కొట్టారు. "డిసెంబరు నుంచీ ఇంతే. నేను నోరు తెరవకముందే చెప్పేస్తుంది."

"అయితే ఇన్నాళ్ళూ అమ్మగారి సొంత వైద్యమేనన్నమాటండి!" అన్నారు శ్రీహరి గారు. మళ్ళీ నవ్వులు. చెడ్డ నవ్వులు కావు. నన్ను కూడా కలుపుకునే నవ్వారు. అయినా ట్రే పట్టుకుని అలా నిలబడిపోయాను. ఎవరూ నన్నేమీ అడగలేదు ఆ తర్వాత. తెర వైపే చూశారు. శ్రీహరి గారైతే నేను అడ్డంగా ఉన్నానని కొంచెం పక్కకి జరగమన్నారు.

మర్నాడు మధ్యాహ్నం ఈయన నిద్రపోయారు. నేను కంప్యూటరు తుడిచాను.

ఆగస్టు 6, ఆదివారం

తెల్లవారుతూనే ఫోను. బుల్లిరాజు గారు.

"అమ్మగారండి, చేపంతా పైకొచ్చేసిందండి. నోళ్ళు తెరుచుకుని తేలుతున్నాయి. నిన్న సున్నం కొట్టాం. గురువుగారిని అడగండి, ఏం చెయ్యమంటారో!"

స్పీకరు పెట్టి ఈయన చెవి దగ్గర ఉంచాను. విన్నారు. ఒక్కసారిగా మాట్లాడారు. చాలా మాట్లాడారు. మెడనరాలు తేలాయి, నోటి పక్కనుంచి చొంగ కారింది. అంతా అయ్యాక నా వైపు చూశారు.

నాకు ఏమీ అర్థం కాలేదు.

ఇది రాసి తీరాలి. నాకు ఈయన మాట అర్థం కాదు. ఇవాళే కాదు, ఎప్పుడూ కాలేదు. ఆకలి, నీళ్ళు, బాత్‌రూము, నొప్పి, ఇవి తెలుస్తాయి. మిగతాదంతా ఈయన ఇలా అంటారని నేను అనుకున్నదే. పదిసార్లలో ఏడుసార్లు సరిపోయేది కాబట్టి గడిచిపోయింది.

అటు ఫోనులో "అమ్మగారండి, అమ్మగారండి" అంటున్నారు. నోటిదాకా ఏదో వచ్చింది. ఎంత సులువుగా వచ్చిందో! పళ్ళు బిగించాను. ఈయన ఎడమ చెయ్యి పట్టుకున్నాను. "నేను ఒక్కొక్కటే అడుగుతానండీ. అవునైతే ఒకసారి నొక్కండి, కాదంటే రెండుసార్లు."

సున్నం ఆపాలా? ఒకసారి. మేత ఆపాలా? ఒకసారి. నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు తిప్పాలా? ఒకసారి, గట్టిగా. మందేదైనా వెయ్యాలా? రెండుసార్లు. కాలవ నీళ్ళు పెట్టాలా? ఒకసారి. ఒక ఇంజనా? రెండుసార్లు. రెండు ఇంజన్లా? ఒకసారి. పావుగంట పట్టింది. నా జీవితంలో ఇంత నెమ్మదిగా ఏ పనీ చెయ్యలేదు.

పది గంటలకి బుల్లిరాజు గారు వచ్చారు, మోకాళ్ళ దాకా బురద. గండం గడిచిందట. బుట్టెడు చేప పోయిందిగానీ మిగతాది మళ్ళీ నీళ్ళలోకి దిగిపోయిందట. హమ్మయ్య అనుకున్నాను. అదీ ఒక్క నిమిషమే.

ఎందుకంటే అరుగు దిగుతూ బుల్లిరాజు గారు గొంతు తగ్గించి నాతో అన్నారు. తగ్గించినా పక్కనే పడక్కుర్చీ. "పచ్చ నీళ్ళలో సున్నం పడితే చేపకి ఊపిరాడదు, వద్దని మాకు నేర్పిందే గురువుగారండి. ఆయనే వెయ్యమన్నారంటే... పెద్దాయన, జబ్బు మనిషి, ఏమీ అనుకోకూడదులెండి. నేను మనసులో ఏం పెట్టుకోనండి. ఇంక సీసాలు తెచ్చి ఇబ్బంది పెట్టం. విశ్రాంతి తీసుకోనివ్వండి."

ఈయన విన్నారు. నా వైపు చూడలేదు. వెళ్ళిపోతున్న బుల్లిరాజు గారి వైపే చూస్తున్నారు. బుర్ర పోయిందనుకుంటున్నారు ఊళ్ళో. ఆ బుర్ర తప్ప ఈయనకి ఇంకేం మిగిలింది?

నేను ఒక్క మాట అనాల్సింది. "సున్నం నేను చెప్పానండి" అని. ఎనిమిది నెలలుగా అనక్కర్లేనివన్నీ అన్నాను. ఇవాళ అనాల్సింది అనలేకపోయాను.

స్టూలు ఖాళీగా ఉంది.

ఆగస్టు 7, సోమవారం

పొద్దున్నే పక్కింటి రత్నకుమారిని పిలిచి ఈయన దగ్గర కూర్చోమన్నాను. "ఎక్కడికండి వదినగారూ, ఈ బురదలో?" అంది. ఏలూరు అన్నాను. కంప్యూటరు వైర్లన్నీ పీకి, సీపీయూని పాత దుప్పట్లో మూటకట్టాను. ఈయన చూస్తూ ఉన్నారు. "బాగు చేయించుకొస్తానండీ" అన్నాను. ముఖం ఇంత వెలిగింది. ఆ వెలుగు చూడలేక చెప్పులు వేసుకున్నాను.

భీమడోలు దాకా షేరు ఆటో. అక్కణ్ణించి ప్యాసింజరు. మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఎదుటి సీటులో పెద్దావిడ, "కుట్టు మిషనాండి?" అంది.

"కాదండి. మా ఆయన మాట."

ఆవిడ కాసేపు ఆలోచించి, కాళ్ళు పక్కకి తీసుకుని, మూట కింద పెట్టుకోవడానికి చోటిచ్చింది. నేను కింద పెట్టలేదు. కిటికీలోంచి నీళ్ళు, నీళ్ళలో గూడబాతులు, వరినాట్లు. ఇంత పాపం ఒళ్ళో పెట్టుకుని కూడా ప్రయాణం బాగుందనిపించింది. ఎన్నాళ్ళయిందో ఇల్లు దాటి.

ఏలూరు పవర్‌పేటలో నఫీసా దుకాణం. నా దగ్గర తొంభై తొమ్మిది బ్యాచు, లోయరు గ్రేడు ఫస్ట్ క్లాసు. పెళ్ళయి ఏలూరు వచ్చింది. అత్తవారిది తివాచీలు నేసే ఇల్లు. వెనక గదిలో మగ్గం ఇంకా ఉంది, ముందు గదిలో ఈ పిల్ల కంప్యూటర్లు బాగుచేస్తుంది. పిల్లంటున్నాను గానీ నలభై దాటాయి.

"మేడం! మీరు మోసుకొచ్చారా? ఫోన్ చేస్తే నేనే వచ్చేదాన్ని కదండీ!" అని మూట అందుకుంది. టీ తెప్పించింది. వైరస్ అని చెప్పాను.

ముందు వైరస్ కోసం వెతికింది. లేదు. మరమ్మతు కమాండ్ కొట్టింది. అది అరగంట తిరిగి, పాడైన ఫైలు ఉంది గానీ సరిచేయలేనంది. నఫీసా నొసలు ముడిచింది.

"విచిత్రంగా ఉంది మేడం. ఇలాంటి ఫైలు పోతే లోపల దాచిన రెండో కాపీ నుంచి అదే తెచ్చుకుంటుంది. మన కార్బన్ కాపీ లాగా. ఆ కాపీ కూడా లేదు."

"వైరస్ తినేసి ఉంటుంది."

"వైరస్‌ని పట్టుకునే సాఫ్ట్‌వేర్ ఏ ఫైలైనా తీసేస్తే ఫలానాది తీశానని రాసుకుంటుంది మేడం. ఏమీ రాయలేదు." పోయిన ఫైళ్ళు వెతికే సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టింది. తెర మీద వందల పేర్లు పరుగెత్తాయి. ఒకచోట ఆపింది. నేను టీ గ్లాసులోకి చూస్తున్నాను.

"ఇదిగో. జులై ముప్పై ఒకటి, మధ్యాహ్నం మూడూ పది. రెండూ ఒకేసారి రీసైకిల్ బిన్‌లోకి వెళ్ళాయి. మూడూ పన్నెండుకి బిన్ను ఖాళీ చేశారు." కుర్చీ నా వైపు తిప్పింది. "సిస్టమ్ ఫైలు ఊరికే డిలీట్ అవ్వదండి. ముందు దానికి ఓనరు పేరు మార్చాలి, పర్మిషన్ ఇచ్చుకోవాలి. బాగా తెలిసినవాళ్ళు చేసిన పని. మీ ఇంట్లో ఎవరండీ..."

అని ఆగిపోయింది. నా ముఖం చూసి ఉంటుంది.

వెనక గదిలో మగ్గం చప్పుడు. నేను టీ తాగేశాను.

"ఏ పనీ సగంలో వదలకూడదని మీరే కదా మేడం నేర్పారు" అంది నెమ్మదిగా. నవ్వలేదు, కోప్పడలేదు. "సార్‌కి తెలుసా?"

"తెలియదు."

"ఎందుకు తీశారు మేడం?"

అంతా చెప్పాను. సుబ్బరంగా ఏడ్చాను కూడా. ఆయనకి మాట వచ్చేస్తే ఇక నేనెందుకు అనిపించిందే, అని చెప్పాను. ఎనిమిది నెలలుగా పొద్దున్న లేస్తే ఎవరో ఒకరు నా నోటి వైపు చూసేవారు. ఇన్‌స్టిట్యూట్ మూసేశాక నా వైపు అలా ఎవరూ చూడలేదు. పైగా ఈయన బాగుపడ్డారని నేను ఏడవడమేమిటి? అది ఎవరితో చెప్పుకోను?

నఫీసా ఏమీ ఓదార్చలేదు. డబ్బా లోంచి బిస్కెట్లు తీసి పెట్టింది. పాత ఫైలు దొరికిందిగానీ ముక్కలైపోయిందట, పనికిరాదంది. తన దుకాణంలో అదే వెర్షన్ ఉన్న కంప్యూటరు నుంచి తెచ్చి, రెండు కాపీలూ ఎక్కడివక్కడ పెట్టింది. బొమ్మ మీద నొక్కింది. తెర కింద అక్షరాలన్నీ వరసగా వచ్చి కూర్చున్నాయి.

"మీరోసారి చూడండి మేడం, సరిగ్గా ఉందో లేదో."

నా పేరు కొట్టాను. ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాలు. బాణం తేవాలి, ఆపాలి, ఆగాలి, పడ్డాక ఇంకో దాని దగ్గరికి పోవాలి. నిమిషం పైన పట్టింది. కే దగ్గర ఉండగానే నఫీసా పక్కనుంచి, "మాణిక్యం, అయింది కదా, బాగానే ఉంది మేడం" అంది. చెంప పగలగొట్టాలనిపించింది. నా పేరు నన్ను పూర్తిచేసుకోనివ్వదా?

అప్పుడు తెలిసింది.

ఇంటికి వచ్చేసరికి సాయంత్రమైంది. ఈయన గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నారు. కరెంటు లేదు. రేపు.

ఆగస్టు 8, మంగళవారం

వైర్లన్నీ తగిలించాను. కీబోర్డు వచ్చింది. ఈయన మౌస్ మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి మీద నా చెయ్యి వేసి ఆపాను.

"ముందు నేను చెప్పాలండీ. వైరస్ కాదు. నేనే తీసేశాను. సున్నం సంగతి కూడా మీకు తెలుసు."

నా వైపు చూశారు. నేను చెయ్యి తీసేశాను. బాణం కదిలింది. నేను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను, ఎక్కడ సాయానికి పోతాయోనని. బీ పడింది. యూ పడింది. ఎల్ పడింది. నాకు తెలిసిపోయింది. అయినా నోరు తెరవలేదు.

"బుల్లిరాజుని పిలు."

అంతే. నా గురించి ఒక్క ముక్క లేదు. ఫోన్ చేశాను. అరగంటలో వచ్చారు, సీసా లేకుండా, చేతులు కట్టుకుని, జబ్బు మనిషిని చూడ్డానికి వచ్చినట్టు.

"బుల్లిరాజు గారండీ" అన్నాను. "సున్నం ఈయన చెప్పలేదండి. నేను చెప్పాను. ఈయన వద్దని కుర్చీ మీద కొట్టారు. నేను మార్చి చెప్పాను."

ఆయన కట్టుకున్న చేతులు విప్పారు. ముఖం ఎర్రబడింది. "మీరాండి?" అన్నారు. "పదెకరాలండి. పిల్లల చదువులన్నీ ఆ చెరువులోనే ఉన్నాయండి." ఇంకేమన్నా అంటే బాగుండును. అనలేదు, అంతకంటే అనడం మన వైపు వాళ్ళకి రాదు. "తప్పయిపోయిందండి" అన్నాను. తల దించుకుని నిలబడ్డాను.

వెనక అక్షరాలు పడుతున్నాయి. ఇద్దరం అటు తిరిగాం. బుల్లిరాజు గారికి ఆ ఇంగ్లీషు అక్షరాల తెలుగు కూడబలుక్కోవడం రాదు. "ఏమంటున్నారండి?" అన్నారు నాతో. అలవాటు కొద్దీ.

నేను ముందు మనసులో చదువుకున్నాను. ఈయన పాత నోరు అది. ఊళ్ళో చెరువు గట్ల మీద అరిచే నోరు. డిసెంబరు తర్వాత ఆ నోటిని నేను ఒక్కసారి కూడా బయటికి రానివ్వలేదు. ఏం చెప్పినా "అండీ" తగిలించి, పంచదార కలిపి పంపించాను.

"చదవనాండీ, ఉన్నదున్నట్టు?" అని ఈయన్ని అడిగాను.

తల ఊపారు.

చదివాను. "వెధవా. పచ్చ నీళ్ళలో సున్నం వెయ్యమని దేవుడు దిగొచ్చి చెప్పినా వేస్తావురా? పదేళ్ళు నేర్పితే ఆడది చెప్పిందని వేశాడట. నీకంటే నీ చెరువులో బొచ్చె నయం."

బుల్లిరాజు గారు తెర వైపు చూశారు, ఈయన వైపు చూశారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గబగబా వచ్చి ఈయన కాళ్ళ దగ్గర చతికిలబడ్డారు.

"గురువుగారే! అమ్మగారండి, గురువుగారే అండి! ఎనిమిది నెలలుగా నన్ను బుల్లిరాజు గారండీ, చెయ్యండీ, చూడండీ అంటుంటే ఈ మనిషి లోపల పోయాడనే అనుకున్నానండి. ఇంటికెళ్ళి మా ఆవిడతో కూడా అన్నాను. ఇంకోటి తిట్టండి గురువుగారూ!"

ఈయన నవ్వారు. సగం మూతితో, గొంతులో ఆ సుడి చప్పుడుతో. నేనూ నవ్వాను. మర్యాద కలిపి కలిపి మనిషిని చంపేశానన్నమాట, బంగారంలా చూసుకుంటున్నాననుకుంటూ. బుల్లిరాజు గారు లేచి, కోపం పూర్తిగా పోని ముఖంతోనే, "నీళ్ళు పట్టుకొస్తానండి" అని వెళ్ళారు. సీసా ఇమ్మని నన్నే అడిగారు. లేబులు పీకేసి ఇచ్చాను.

తలుపు దగ్గర నుంచి వెనక్కి తిరిగేసరికి బాణం మళ్ళీ కదులుతోంది.

"నిన్ను కూడా తిట్టాలి."

"తిట్టండి" అన్నాను. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను. చేతులు తొడల కింద పెట్టుకున్నాను.

చాలా పెద్ద తిట్టు. మధ్యలో చెయ్యి అలిసిపోయి రెండుసార్లు ఆపారు. పొయ్యి మీద పాలు పొంగిన వాసన వచ్చింది, లేవలేదు. రెండో మాటకే ఏం రాబోతోందో తెలిసిందనుకున్నాను, తప్పు. నాలుగో మాటకి తెలిసిందనుకున్నాను, అదీ తప్పే. ఏం తిట్టారో ఈ డైరీలో కూడా రాయను. ముప్పై నాలుగేళ్ళలో నన్ను ఎవరూ అంత వివరంగా తిట్టలేదు, అంత ఇష్టంగానూ తిట్టలేదు. ఆఖరి అక్షరం పడేదాకా ఆగాను.